మూసిన గదిలో ఏడో పేరు

తలుపు విరగకుండా, గోడకు కన్నం పడకుండా గదిలోని మాట బయటికి పొక్కిందంటే, లోపలివాళ్లలో ఎవరో ఒకరు చేరవేసినట్టేనని లోకం నమ్ముతుంది. పోలీసు శాఖలో ఈ నమ్మకం మరీ గట్టిది. సాక్ష్యాల ప్రయోగశాలలో పాతికేళ్లు పనిచేసి పదవీ విరమణ చేసిన ఆరాకు నమ్మకాలతో పేచీ లేదు. పరీక్ష పెట్టకుండా వాటిని అంగీకరించడంతోనే పేచీ. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఆమెకు జీతం కాగితాల మీద మాత్రమే మిగిలింది. ప్రతిదానికీ ఆరా తీస్తుందని తోటి ఉద్యోగులు వెక్కిరింతగా తగిలించిన పేరు, కాలక్రమాన గౌరవవాచకమై కూర్చుంది.

ఆ మధ్యాహ్నం మూడు దాటాక, కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పక్కనున్న ఇరుకు మెట్లెక్కి ఆమె పైగదిలో అడుగుపెట్టేసరికి, సైబర్ నేరాల విభాగం ఇన్‌స్పెక్టర్ అప్పటికే కుర్చీ వెనక్కి వాల్చుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన ఆమెకు స్వయానా మరిది.

“రండి వదినా. ఆలస్యంగా వచ్చారు. కేసు అయిపోయింది, టీ కూడా అయిపోయింది.”

“టీ సంగతి నమ్ముతా. ఖాళీ కప్పు కనబడుతోంది. కేసు అయిపోయిందనడానికి ఏం కనబడుతోంది?”

ఇన్‌స్పెక్టర్ గడ్డం ఎత్తి కిటికీ మూల చూపించాడు. అక్కడ ఒక యువతి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బల్ల మీదున్న తన ఫోన్‌ని తనది కాదన్నట్టు చూస్తూ కూర్చుని ఉంది. ఉద్యోగం బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పడం. సాయంత్రాలూ సెలవులూ మాత్రం ఈ గదికే అంకితం. ఇక్కడ అందరూ ఆమెను తోటమాలి అంటారు.

తోట అంటే చెట్లు కావు. ఆసుపత్రుల్లో రోగి నరంలోకి చుక్క చుక్కగా మందు ఎక్కించే పంపులను నడిపించే సాఫ్ట్‌వేర్ ఈ గదిలో పుట్టింది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి చూడవచ్చు, ఎవరైనా బాగుచేసి తిరిగి ఇవ్వవచ్చు అనే ఓపెన్ సోర్స్ పద్ధతిలో దాన్ని ఊరికే లోకానికి ఇచ్చేశారు. ఎక్కడెక్కడో కూర్చుని పనిచేసే వాళ్లంతా ఎక్కడ మాట్లాడుకోవాలి, ఏ మాట ఎక్కడ చెప్పాలి అన్న ఏర్పాటు చూడటం, కలుపు తీయడం ఆ అమ్మాయి బాధ్యత.

మొన్న ఆ తోటలోకి విషం వచ్చింది. పంపులో ఒక లోపం ఉందని దూరాన ఉన్న పరిశోధకుడొకడు కనిపెట్టాడు: తప్పు సంకేతపదం ఏడుసార్లు ఇస్తే, ఎనిమిదోసారి ఏమిచ్చినా పంపు ఒప్పేసుకుంటుంది. ఆ సంగతి బృందంలో ఆరుగురికి మాత్రమే ప్రవేశమున్న మూసిన గదిలో రాశాడు. గది అంటే ఫోన్లలో ఉండే చాట్ గది. నలభై నిమిషాలు తిరక్కుండానే పెద్దాసుపత్రిలో ఒక వార్డు పంపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. సూపరింటెండెంట్‌కు మెయిల్ వచ్చింది: ‘ఎనిమిదోసారి తలుపు తెరుచుకుంటుంది. ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను తీసిపారేయండి. లేకపోతే మళ్లీ ఆగుతాయి.’ నర్సులు చేతులతో మందు ఎక్కించి రోగులను కాపాడుకున్నారు. ఒకామెకు మాత్రం ఇంకా స్పృహ రాలేదు.

“సాయంత్రం ఆరింటికి ఆసుపత్రి వాళ్ల సమావేశం. నేరస్థురాలి పేరు నేను అక్కడే ప్రకటిస్తున్నా. విలేకరులు కూడా వస్తున్నారు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

తోటమాలి తలెత్తింది. “మా బడి పిల్లలు టీవీలో చూస్తారు సార్.”

“చూడనీ. పాఠమే కదా.”

ఆరా కుర్చీ జరుపుకుని ఆ అమ్మాయికీ మరిదికీ మధ్యగా కూర్చుంది. “నీ దగ్గరున్న రుజువులు ఒక్కొక్కటే చెప్పు. వరస తప్పకు.”

“ఒకటి, ఆ గదికి ఎవర్ని రానివ్వాలి, ఎవర్ని పంపించాలి అన్న అధికారం ఈమెదే. రెండు, ఆ నలభై నిమిషాల్లో పరిశోధకుడు రాసింది తెరిచి చదివింది ఈమె ఒక్కతే. యాప్ చెబుతోంది, నేను కాదు. మిగతా నలుగురూ సాయంత్రం దాకా తెరవలేదు. మూడు, కిందటి నెల ఈమె అందరికీ వెళ్లే మెయిల్లో ఏం రాసిందో చదవమంటారా? ‘ఇలాగైతే ఆసుపత్రులు మన సాఫ్ట్‌వేర్ వాడకపోవడమే మేలు.’ ఇంకేం కావాలి వదినా? దేవుడు దిగొచ్చి సాక్ష్యం చెప్పాలా?”

“ఆయనొస్తే ఆయన్ని కూడా ప్రశ్నించాల్సిందే. అమ్మాయ్, ఆ మాట ఎందుకు రాశావు?”

“కోపంలో, మేడమ్. రెండేళ్ల కిందట నేను వచ్చేసరికి ఇక్కడంతా సంతలా ఉండేది. ఒకరు మెయిల్లో అడిగేవారు, ఇంకొకరు ఫోన్ గ్రూపులో జవాబిచ్చేవారు, మూడో ఆయన పాత చాట్ గదిలో అదే ప్రశ్న మళ్లీ అడిగేవారు. ఒకసారి ఒకే తప్పుని ముగ్గురు మూడు రకాలుగా దిద్ది, పంపుని అసలు కదలకుండా చేశారు. అందుకే సర్దాను. నిర్ణయాలు మెయిల్లోనే జరగాలి. తప్పుల ఫిర్యాదులు ఫిర్యాదుల చోటే. రోజూ కబుర్లు కొత్త యాప్‌లో, అందరికీ తెరిచిన హాల్లో. ప్రమాదమైన లోపాలు మాత్రం మూసిన గదిలో. అయినా మేస్త్రి గారు మళ్లీ మళ్లీ పాత గదిలోకే వెళ్లి మాట్లాడుతుంటే, ఆ కోపంలో రాశాను.”

మేస్త్రి ఎవరో ఆరాకు తెలుసు. ఈ సాఫ్ట్‌వేర్‌కు తొలి ఇటుక పేర్చిన పెద్దాయన. ఆరాను ఈ కేసుకు పిలిచింది కూడా ఆయనే. ‘ఆ పిల్ల చేయలేదు, చేయలేదని నాకు తెలుసు, కానీ తెలుసంటే చాలదుగా’ అని పొద్దున ఫోన్లో అన్నాడు. ఆ చివరి మాటకే ఆరా ఒప్పుకుంది.

అప్పుడే మెట్ల మీద నెమ్మదైన అడుగులు వినబడ్డాయి. మేస్త్రి కూతురి భుజం పట్టుకుని లోపలికి వచ్చాడు. కూతురికి నలభై దాటి ఉంటాయి. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ల సీసా మూత వదులు చేసి చేతికిచ్చింది.

“మాత్ర మరిచిపోకు నాన్నా. నేను కింద కార్లో ఉంటా, ఆఫీసు పనుంది. అయ్యాక పిలువు.” తర్వాత ఆరా వైపు తిరిగింది. “ఈయన్ని ఎక్కువ విసిగించకండి మేడమ్. ఈ ఉచితసేవ ఇప్పటికే ఈయన్ని పీల్చి పిప్పి చేసింది.” తలుపు దగ్గర ఆగి తోటమాలిని చూసింది. “నువ్వింత పని చేస్తావనుకోలేదు తల్లీ. మా ఇంట్లో అన్నం తిన్నావు.”

కూతురు దిగి వెళ్లిపోయింది.

“పాపం, ఆసుపత్రులన్నీ తిరిగే ఉద్యోగం దానిది. నాకోసం పని మానుకుని వచ్చింది,” అన్నాడు మేస్త్రి.

ఆరా తోటమాలి ఫోన్ అడిగింది. ఇన్‌స్పెక్టర్ ఇష్టం లేకుండానే అందించాడు. ఆమె మూసిన గదిలోని సభ్యుల పేర్లను కళ్లజోడు సర్దుకుని వేలితో లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

“మరిదీ, ఆరుగురన్నావు కదూ?”

“ఆరుగురే.”

“ఇక్కడ ఏడు పేర్లున్నాయి.”

ఇన్‌స్పెక్టర్ వంగి చూసి నవ్వాడు. “అదా! ‘వంతెన’. అది మనిషి కాదు వదినా. చిన్న ప్రోగ్రాము. చచ్చిపోయింది కూడా.”

“మనిషి కాదు కాబట్టి విచారించలేదా, చచ్చిపోయింది కాబట్టా?”

“ప్రోగ్రామును స్టేషనుకు పిలిచి కూర్చోబెట్టమంటారా?”

“కనీసం ఏం పని చేసేదో అడిగి ఉండాల్సింది. అమ్మాయ్, నువ్వు చెప్పు.”

తోటమాలి ముఖంలోకి మొదటిసారి కాస్త కళ వచ్చింది. “పెద్దవాళ్ల కోసం పెట్టాం మేడమ్. పాత చాట్ గది వదిలి వాళ్లు రానన్నారు. అందుకని కొత్త యాప్‌లో ఒక గదిలో రాసింది పాత గదిలో కూడా కనబడేలా మధ్యలో వంతెన కట్టాం. మూడు నెలల గడువిచ్చాం. గడువయ్యాక ఆపేశాం.”

“ఏ గదికి కట్టారు?”

“నిర్మాణ గదికి. సాఫ్ట్‌వేర్ రాసే పని గురించి మాట్లాడుకునే చోటు అది.”

“ఆ గది ఇప్పుడెక్కడుంది?”

మేస్త్రి కల్పించుకున్నాడు.

“మా దగ్గర ఒక పద్ధతుందమ్మా. మేం ఏదీ చెరపం. గది అవసరం తీరితే పేరు మారుస్తాం గానీ తీసెయ్యం. పాత చర్చలకు ఎవరైనా లింకు ఇచ్చి ఉంటే, పదేళ్ల తర్వాత నొక్కినా అది తెరుచుకోవాలి. నేను పెట్టిన నియమమే.”

“అంటే?”

“నిర్మాణ గదికే పేరు మార్చి, తలుపులు వేసి, మూసిన గది చేశాను మేడమ్,” అంది తోటమాలి. గొంతు బాగా తగ్గిపోయింది. “మనుషులందర్నీ బయటికి పంపించాను. వంతెన ఎలాగూ ఆగిపోయిందని దాని పేరు తీయలేదు.”

ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టాడు. “చూశారా! చేతులారా దారి వదిలింది. ఒప్పుకున్నట్టే కదా!”

“నువ్వు తొందరపడి ఒప్పేసుకోకు, మరిదీ. గది పేరు మారితే వంతెన దాన్ని మరిచిపోతుందా, అమ్మాయ్?”

“మరిచిపోదు. దానికి గది పేరుతో పనిలేదు, లోపలి నంబరుతోనే పని. నంబరు మారదు. కానీ వంతెన ఆగిపోయింది మేడమ్, నిజంగా. మేస్త్రి గారే ఆపారు.”

“నా చేత్తోనే ఆపాను,” అన్నాడు మేస్త్రి. “అదిగో, ఆ యంత్రం మీద.”

గది వెనక గోడకు ఆనించిన ఇనప బల్ల మీద పాత కంప్యూటర్ ఒకటి ఉంది. పాత చాట్ గది అందులోనే బతికేది. తెర లేదు, కీబోర్డు లేదు. దుమ్ము మాత్రం దండిగా ఉంది. వెనక నుంచి నీలం తీగ గోడలోకి పోతోంది. తీగ గుచ్చిన చోట బియ్యపు గింజంత పచ్చ దీపం.

ఆరా లేచి దాని ముందు నిలబడింది. ముక్కు దగ్గరగా పెట్టి చూసింది. దుమ్ము యంత్రమంతా సమంగా ఉంది. వెనక గాలి వదిలే చిల్లుల దగ్గర మాత్రం శుభ్రంగా ఉంది.

“ఇది ఊపిరి పీలుస్తోంది,” అంది.

“పాత చర్చలు అందులోనే ఉన్నాయి కాబట్టి యంత్రం ఆపలేదమ్మా. వంతెన మాత్రమే ఆపాను.”

“ఈమధ్య ఇక్కడ కరెంటు పోయిందా?”

“ఎనిమిది రోజుల కిందట పోయింది,” అంది తోటమాలి. “కింద దుకాణం వాళ్లు ఫ్యూజు వేశారు.” చెప్పిన మరుక్షణం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. “కరెంటొచ్చినప్పుడు యంత్రం దానంతటదే లేస్తుంది. లేచినప్పుడు చేయాల్సిన పనుల్లోంచి వంతెనను ఎవరూ తీసెయ్యకపోతే...”

ఆమె మేస్త్రి వంక చూసింది. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. “ఆపాను. అందులోంచి తీసెయ్యాలని తోచలేదు.”

“ఇదంతా కథ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “వంతెన నడుస్తోందనడానికి రుజువేది వదినా? మీరే అడిగేవారు కదా ఈ మాట, మా పెళ్లి ముహూర్తం గురించి కూడా!”

“ఇప్పుడూ అదే అడుగుతున్నా. రుజువు చూద్దాం. నేనీ పచ్చ దీపం ముందు కూర్చుంటా, మీకు వీపు పెట్టి. నువ్వా అమ్మాయి పక్కన కూర్చో. నువ్వు తల ఊపితే తను మూసిన గదిలో ఒక మాట పంపుతుంది. ఊపకపోతే పంపదు. నీ ఇష్టం వచ్చినట్టు మార్చు, నాకు చెప్పకు. పంపే మాటలు మాత్రం రోజూ పనిలో వాడేవే అయి ఉండాలి. ‘సరే’, ‘చూస్తున్నాను’ లాంటివి. అవతల ఎవరైనా వింటుంటే బెదరకూడదు.”

“ఎవరు వింటారు?”

“అదే తెలిస్తే దీపం ముందెందుకు కూర్చుంటాను?”

మొదట ఐదు నిమిషాలు ఎవరూ ఏమీ పంపకుండా ఆరా దీపాన్ని ఊరికే చూసింది. నిమిషానికో, రెండు నిమిషాలకో ఒక్కసారి మెరిసేది. ఆ మెరుపును లెక్కలోంచి తీసేయాలని నిశ్చయించుకుంది. తర్వాత పరీక్ష మొదలైంది. చాలాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి దీపం గబగబా మూడుసార్లు కొట్టుకుంది.

“ఇప్పుడు పంపారు.”

మళ్లీ విరామం. మళ్లీ మూడు మెరుపులు.

“ఇప్పుడు.”

ఇన్‌స్పెక్టర్ ఒకసారి మోసం చేయబోయాడు. తల ఊపకుండా గట్టిగా దగ్గి, కుర్చీ కిర్రుమనిపించాడు. దీపం కదల్లేదు, ఆరా కూడా కదల్లేదు. పావుగంట గడిచాక ఆయనే ఆపమన్నాడు. పంపిన ప్రతిసారీ ఆమె చెప్పింది. పంపని ఒక్కసారి కూడా చెప్పలేదు.

“సరే, వంతెన నడుస్తోంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, కాలరు వదులు చేసుకుంటూ. “నడిచినా అవతల ఖాళీ గదేగా. ఎవరూ లేని ఇంట్లో రేడియో మోగితే నేరమా?”

“ఎవరూ లేరని ఎవరు చూశారు?”

తోటమాలి మూలనున్న పాత తెరనూ కీబోర్డునూ తెచ్చి యంత్రానికి తగిలించింది. పాత గదిలోకి అడుగు పెడితే లోపలివాళ్లకు తెలిసిపోతుంది కాబట్టి, గదిలోకి వెళ్లకుండానే, యజమాని హోదాలో, లోపల ఎవరున్నారో మాత్రం యంత్రాన్ని అడిగింది. తెర మీద మూడు పేర్లు వచ్చాయి.

వంతెన. మేస్త్రి. మళ్లీ మేస్త్రి, పేరు చివర కింద చిన్న అడ్డగీతతో.

ఇన్‌స్పెక్టర్ మేస్త్రి వైపు తిరిగాడు.

“నేనా గదిలోంచి ఎప్పుడూ బయటికి రాలేదు,” అన్నాడాయన. “ఇంట్లో కంప్యూటర్ ఎప్పుడూ వేసే ఉంటుంది, నా పేరు ఆ గదిలోనే ఉంటుంది. మూసేశారన్నాక నేను చూడటం మానేశాను. గది వదల్లేక వదల్లేదు, అంతే.”

“ఆ తోక ఏమిటి?” అంది ఆరా.

“ఒక పేరుతో ఒకరు లోపలుండగా, అదే పేరుతో ఇంకోచోట నుంచి ఎవరైనా వస్తే, వాళ్ల పేరు చివర గీత పడుతుంది,” అంది తోటమాలి. “మేస్త్రి గారి వివరాలన్నీ ఉన్న ఇంకో కంప్యూటర్ ఎక్కడో ఉండాలి.”

“మీకు ఇంకో కంప్యూటర్ ఉందా?”

“ఇప్పుడు లేదు,” అన్నాడు మేస్త్రి. అని, సీసా మూత బిగించాడు, వదులు చేశాడు, మళ్లీ బిగించాడు. ఆరా ఆ మూతను చూసింది.

ఆమె సలహా మీద మేస్త్రి ఇంటికి ఫోన్ చేసి, కంప్యూటర్ ప్లగ్గు పీకమని భార్యకు చెప్పాడు. “ఎందుకండీ, మళ్లీ కాలిందా?” అన్న గొంతు ఈ గదిలోకి కూడా వినిపించింది. కాసేపటికి తెర మీద మేస్త్రి పేరు మాయమైంది. గీత ఉన్న మేస్త్రి అలాగే ఉన్నాడు.

“వదినా, ఇప్పటికీ ఈ అమ్మాయి నిర్దోషి అని తేలలేదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో వెటకారం తగ్గింది. “ఆ తోక ఈమెదే కావచ్చు. లేదా ఆ ఆరుగురిలో ఇంకెవరైనా ఫోన్‌లో చెప్పి ఉండొచ్చు.”

“నిజమే. అందుకే ఇంకో పరీక్ష. అమ్మాయ్, మూసిన గదిలో ఏమీ రాయకుండా, అక్కడ రాసినట్టుగా పాత గదిలో మాత్రం కనబడేలా వంతెన చేత పలికించగలవా?”

తోటమాలి కాసేపు ఆలోచించింది. “పలికించొచ్చు. వంతెన ఏం చెబితే పాత గది అదే నమ్ముతుంది.”

“అప్పుడా మాట ఆరుగురిలో ఎవరికీ తెలియదు. తోక ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మరిదీ, అందరి ఫోన్లూ తీసుకో. నాది కూడా. ఈ అమ్మాయి చేతులు బల్ల మీదే ఉంటాయి.”

ఇన్‌స్పెక్టర్ ఆసుపత్రి సూపరింటెండెంట్‌తో పది నిమిషాలు మాట్లాడాడు. మూడో అంతస్తులో సున్నాలు వేయిస్తున్న ఒక వార్డు ఖాళీగా ఉంది. అక్కడ ఒకే ఒక్క పంపును, మనిషి లేని మంచం పక్కన, ఆన్ చేసి వదలడానికి ఆయన ఒప్పుకున్నాడు. మిగతా పంపులన్నిటినీ నెట్‌వర్క్ నుంచి తప్పించారు. ఒక నర్సు ఆ వార్డు గుమ్మంలో ఫోన్ పట్టుకుని నిలబడింది. ఫోన్ కలిసే ఉంది.

ఆరా చెప్పిన మాటను తోటమాలి వంతెన చేత పలికించింది: ‘మూడో అంతస్తు పంపు ఒక్కటే మిగిలింది. గంటలో దాన్ని కూడా దిద్దేస్తాం. సమావేశం లోపు అంతా భద్రం.’

“నిజంగా వింటుంటే ఈ గంట వదులుకోరు. సమావేశానికి ముందు ఇంకోసారి పంపు ఆగితేనే వాళ్ల పని అవుతుంది,” అంది ఆరా.

కింద దుకాణంలో ఎవరో కుట్టుమిషను చక్రం తిప్పి చూస్తున్నారు. ఆ శబ్దం నేలలోంచి కాళ్లకు తగులుతోంది. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. తోటమాలి చేతులు బల్ల మీద అరచేతులు కిందికి చేసి పెట్టింది.

“సమయం వృథా వదినా. ఎవడూ...”

ఫోన్లోంచి సన్నగా, విడవకుండా కీచుమని మోత వచ్చింది.

“మోగుతోంది సార్!” అంది నర్సు గొంతు. “నేను గుమ్మంలోనే ఉన్నా, లోపల ఎవరూ లేరు. దానంతటదే ఆగి మోగుతోంది. తెర మీద సంకేతపదం ఎనిమిదోసారి ఒప్పుకున్నట్టు చూపిస్తోంది.”

ఇన్‌స్పెక్టర్ తోటమాలి చేతుల వంక చూశాడు. బల్ల మీద వరసగా పెట్టిన ఫోన్ల వంక చూశాడు. ఆరా మాత్రం మేస్త్రిని చూస్తోంది.

“ఆసుపత్రి నెట్‌వర్క్‌లోకి బయటి నుంచి చొరబడటం అందరికీ కుదరదు,” అంది. “పంపులు అమ్మి, వాటి నిర్వహణ చూసేవాళ్లకే ఆ దారి ఉంటుంది. మీ దగ్గరున్న రెండో కంప్యూటర్ ఎవరికిచ్చారు పెద్దాయనా?”

మేస్త్రి కిటికీ వైపు చూశాడు. కిటికీ కింద వీధిలో కారు ఉంది.

“పొద్దున నాతో మీరే అన్నారు, తెలుసంటే చాలదని,” అంది ఆరా, ఇంకా నెమ్మదిగా. “ఇప్పుడు ఈ పిల్లకు గంటన్నర ఉంది.”

మేస్త్రి తోటమాలిని చూశాడు. ఆమె కళ్లు దించుకుంది. ఆయన చెబితే ఏం పోగొట్టుకుంటాడో ఆమెకు అప్పటికే అర్థమైంది. “వద్దులెండి మేస్త్రి గారూ,” అని గొణిగింది.

“నోర్ముయ్,” అన్నాడాయన ప్రేమగా. తర్వాత ఆరాతో, “మా అమ్మాయికిచ్చాను. పాత లాప్‌టాప్. సినిమాలు చూసుకుంటానంటే ఇచ్చాను. తెరిస్తే చాలు, దానంతటదే పాత గదిలోకి వెళ్లిపోతుంది. అలా పెట్టుకున్నది నేనే. మా ఉచిత సాఫ్ట్‌వేర్ వల్ల వాళ్ల కంపెనీ పంపులు అమ్ముడుపోవడం లేదని ఏడాదిగా ఇంట్లో గొడవ. నాన్నా, నువ్వు ఊరికి పంచిపెట్టిన దానికి నేను ఉద్యోగం పోగొట్టుకోవాలా అనేది. నేను నవ్వేవాణ్ని.”

ఇన్‌స్పెక్టర్ లేచాడు. “కింద కానిస్టేబుల్ ఉన్నాడు. కారు కదలనివ్వడు. నేను వెళ్లి...”

“ఒక్క నిమిషం,” అన్నాడు మేస్త్రి. “నన్ను పిలవనివ్వండి.”

“లాప్‌టాప్‌లో ఉన్నవన్నీ చెరిపేస్తుంది పెద్దాయనా.”

“దానికెన్ని తెలిసినా, ఏదైనా చెరపడం మాత్రం మా ఇంట్లో ఎవరికీ అలవాటు కాలేదు.”

ఇన్‌స్పెక్టర్ ఆరా వైపు చూశాడు. ఆరా ఆయన వైపు చూసింది. ఆయన వెళ్లి కిటికీ దగ్గర నిలబడి, కిందనున్న కానిస్టేబుల్‌ని కారు తలుపు దగ్గరికి జరగమని సైగ చేశాడు. తర్వాత తల ఊపాడు.

తోటమాలి కుర్చీ ఖాళీ చేసింది. మేస్త్రి పాత యంత్రం ముందు కూర్చుని, రెండు వేళ్లతో, తప్పు లేకుండా, పాత గదిలోకి తన పేరుతో వెళ్లాడు. ఒక్క వాక్యం రాశాడు.

‘అమ్మాయీ, పైకి రా. లాప్‌టాప్ కూడా తీసుకురా.’

తెర మీద చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత యంత్రం తన మామూలు ధోరణిలో ఒక పంక్తి చూపించింది: గీత ఉన్న మేస్త్రి గది విడిచి వెళ్లారు.

కింద కారు తలుపు తెరుచుకుని మూసుకుంది. ఇన్‌స్పెక్టర్ బల్ల మీది ఫోన్లలోంచి తోటమాలిది తీసి ఆమె చేతిలో పెట్టాడు. మెట్ల మీద అడుగులు పైకి వచ్చాయి. మేస్త్రి కూతురు గుమ్మంలో నిలబడింది. తెరిచి ఉన్న లాప్‌టాప్‌ను రెండు చేతులతో పట్టుకుని తెచ్చి, తండ్రి ముందు బల్ల మీద పెట్టింది.